మద్దిలేటి తొక్కిన గోడలు

కానుగుదిన్నెలో మద్దిలేటివంత పెద్ద పాదాలు మరొకరికి లేవు. చెప్పులు కుట్టే అంకన్న తన కొలతను తానే నమ్మక ప్రతిసారీ రెండోసారి కొలుచుకునేవాడు. ఆ పాదాలకు తగిన నోరు మాత్రం మద్దిలేటికి లేదు. పొద్దున లేచి "నీళ్ళు" అనేవాడు. మధ్యాహ్నం "బువ్వ" అనేవాడు. సాయంత్రానికి ఆ రెండు మాటలూ దండగనిపించి చేత్తో సైగ చేసేవాడు. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో మొగుడు తనతో అన్న మాటలన్నీ చేటలో పోసి చెరిగితే గుప్పెడు కూడా మిగలవని సుంకులమ్మ వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకునేది. మద్దిలేటి పక్కనే కూర్చుని వినేవాడు. కాదనేవాడు కాదు.

వంక పొంగి ఊళ్ళో పదహారు ఇళ్ళు కొట్టుకుపోయిన ఏడాది ఆ పాదాలతో ఊరికి పని పడింది. ఇళ్ళు పోయినవాళ్ళు బడి వరండాలో, గొడ్ల కొట్టాల్లో తలదాచుకున్నారు. కాలనీ వస్తుందన్నారు. ఎవరో వచ్చి ఫొటోలు తీసుకున్నారు, మరెవరో వచ్చి కొలతలు తీసుకున్నారు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. మహిళా సంఘం పెద్ద ఈరమ్మకు ఓపిక అయిపోయింది.

"వాళ్ళు వచ్చేలోపల మనకు మనమరాళ్ళ పెండ్లిండ్లు గూడా అయిపోతాయి. చెరువులో పూడికమన్ను ఉంది. గడ్డి ఉంది. కాళ్ళున్నాయి. ముయ్యి పెట్టుకుందాం" అంది.

ముయ్యి ఆ వైపు పాత అలవాటు. ఈ రోజు నీ ఇంటి పనికి నేను వస్తే, రేపు నా ఇంటి పనికి నువ్వు రావాలి. దానికొక కట్టు కూడా ఉంది. ఇల్లు ఎవరిదో వాళ్ళు తమ గోడకు అడుసు తొక్కకూడదు. ఇంటాయన అడుసు గుంతలో దిగితే మిగిలినవాళ్ళు గట్టున నిలబడి బీడీలు కాలుస్తారని పెద్దవాళ్ళు పెట్టిన కట్టు అది. ఇంటివాళ్ళు నీళ్ళు మోయాలి, గంజి కాయాలి, తొక్కేవాళ్ళు అనే మాటలు పడాలి. అంతే.

గుంతలు తవ్వుతుండగా పట్నంలోని మట్టి పరిశోధనశాల నుంచి షమీమ్ మేడమ్ జీపులో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో మూతపెట్టిన స్టీలు క్యారియరు. అందరూ ఆమె భోజనం అనుకున్నారు. మూత తీస్తే లోపల పుల్లటి వాసన కొట్టే బూడిదరంగు జావ ఉంది.

"పాలల్లో తోడు వేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

"పెరుగైతాది" అంది ఈరమ్మ.

"ఇది మన్నుకు తోడు. దీంట్లో కంటికి కనబడని జీవులుంటాయి. అడుసులో కలిపి తొక్కితే మూడు రోజుల్లో మన్ను తోడుకుంటుంది. సిమెంటు అక్కర్లేదు, ఇటుక కాల్చే పని లేదు. పగులొస్తే దానంతట అదే పూడుకుంటుంది."

నమూనాగా ఒక ఇటుక తెచ్చింది. ఇల్లు పోయినవాళ్ళలో ఒకడైన కిష్టప్ప సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఇటుకకు ఏమీ కాలేదు, సుత్తి కర్ర విరిగింది. అంతటితో ఊరు నమ్మేసింది.

ఎండాకాలం పూర్తయ్యేలోగా పదహారు ఇళ్ళూ లేచాయి. ఏడిళ్ళకు అడుసు దాదాపు మద్దిలేటి ఒక్కడే తొక్కాడు. ఆయన గుంతలో దిగితే పక్కన ఇంకొకరికి చోటుండేది కాదు, అవసరమూ ఉండేది కాదు. తెల్లవారి దిగేవాడు, పొద్దు నెత్తిమీదికి వచ్చాక ఎక్కేవాడు. మధ్యలో ఒక్క మాట లేదు. ఊరంతా ఆ ఏడిళ్ళ గోడలే నున్నగా, ముద్దుగా వచ్చాయని మెచ్చుకుంది. మద్దిలేటి మెప్పును కూడా సైగతోనే తీసుకున్నాడు.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక ఉదయం కిష్టప్ప చొక్కా తగిలించుకుందామని చేయి పైకెత్తితే మేకు లేదు. వెతికితే నడుము ఎత్తున కనబడింది. ఎవరో ఆకతాయి పని అనుకుని తిట్టుకుంటూ పొలానికి పోయాడు. సాయంత్రం వచ్చేసరికి మేకు, దానికి వేలాడుతున్న చొక్కాతో సహా, మోకాలి దాకా దిగింది. గోడను వేలితో పొడిస్తే వేలు లోపలికి పోయింది.

మరునాటికి అదే కథ ఏడిళ్ళలో తేలింది. ఏడూ మద్దిలేటి తొక్కినవే. తక్కిన తొమ్మిదీ నల్లరాయిలా నిలబడి ఉన్నాయి.

"మామా, నీ కాళ్ళల్లో ఏముందో ఏమో గానీ, నా చొక్కా నేలకు తగిలింది" అన్నాడు కిష్టప్ప.

మద్దిలేటి తన పాదాల వైపు చూసుకున్నాడు. వాటికీ చెప్పుకోవడానికి ఏమీ ఉన్నట్టు లేదు.

షమీమ్ ఆ వారమే వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఏడు గోడలూ తడిమి చూసి, అరుగు మీద కూలబడి చెప్పింది.

"పరిశోధనశాలలో నేను తొక్కి పెట్టెల్లో పెట్టిన ఇటుకలు కూడా మెత్తబడినాయి. మా అక్క పెళ్ళికని పన్నెండు రోజులు సెలవు పెట్టినాను. తిరిగొచ్చి చూస్తే పేడముద్దలు. అటెండరు వెంకటసామితో సరదాకు ఒక ఇటుక తొక్కించినా. అదొక్కటే గట్టిగా ఉంది. పెద్దాయనా, మీరు ఒక్క రోజు నాతో పట్నానికి రావాల."

మద్దిలేటి తువ్వాలు భుజాన వేసుకుని జీపెక్కాడు. నలభై మైళ్ళ దారిలో షమీమ్ పద్దెనిమిది ప్రశ్నలు అడిగింది. ఆయన పద్దెనిమిది సార్లు తల ఊపాడు.

పరిశోధనశాల అంటే పొడవాటి చల్లటి గది. గాజు పెట్టెల్లో మట్టిముద్దలు, ఒక్కోదానికి ఒక్కో ముల్లు ఉన్న చిన్న యంత్రం. ముద్ద గట్టిపడితే ముల్లు పైకి పోతుంది, మెత్తబడితే కిందికి వస్తుంది. మూలన స్టూలు మీద వెంకటసామి ఫోనులో బామ్మర్దికి బోరు వేయించడం గురించి చెబుతున్నాడు. వీళ్ళు లోపలికి వచ్చినప్పుడు చెబుతున్నాడు, టీ తాగినప్పుడు చెబుతున్నాడు, ఇంకా చెబుతూనే ఉన్నాడు. అతని పక్కనున్న పెట్టెలో ముల్లు పై చివరి గీత మీద నిలబడిపోయి ఉంది.

కానుగుదిన్నె గోడ నుంచి తెచ్చిన ముద్దను మద్దిలేటి ముందు పెట్టి, పెట్టె మూత తీసి షమీమ్ దూరంగా కూర్చుంది. గంట గడిచింది. మద్దిలేటి ముద్దను చూశాడు. ముద్ద మద్దిలేటిని చూసింది. ముల్లు వెంట్రుక వాసి కదిలింది.

"పెద్దాయనా, ఏమైనా మాట్లాడండి."

మద్దిలేటి చాలాసేపు ఆలోచించాడు. "ఏం మాట్లాడాల?" అన్నాడు.

ముల్లు ఎగిరి నాలుగు గీతలు దాటింది.

షమీమ్ లేచి నిలబడింది. వెంకటసామి కూడా ఫోను చెవి నుంచి తీసి చూశాడు. అతను ఫోను తీయడం ఆ గదిలో అదే మొదటిసారి.

సంగతి అప్పుడు తేటపడింది. తొక్కేటప్పుడు పాదాల చెమటలోని జీవులు కూడా తోడులో కలిసిపోతాయి. ఎవరి ఒంటి నుంచి వచ్చాయో వాళ్ళ ఊపిరి తడి తగిలితేనే అవి మేలుకుని పని చేస్తాయి. వారం పది రోజులు తగలకపోతే నిద్రపోతాయి, మన్ను మళ్ళీ అడుసైపోతుంది. ఊరకే కూర్చుని పీల్చి వదిలే ఊపిరి చాలదు, మాట్లాడితే వచ్చే తడి కావాలి. గదిలో ఇటుకలు తొక్కిన షమీమ్ పొద్దస్తమానం వాళ్ళ అమ్మతో ఫోనులో మాట్లాడుతూ అక్కడే తిరుగుతుంది కాబట్టి ఆమెకు తెలియలేదు. ఊళ్ళో తక్కిన తొమ్మిదిళ్ళను తొక్కినవాళ్ళు ఇరుగుపొరుగువాళ్ళే. రోజూ వచ్చి గోడకానుకుని కూర్చుంటారు, ఎవరు ఎవరిని ఏమన్నారో తేల్చుకుని లేస్తారు. ఆ గోడలకు ఏ కొరతా లేదు.

"రోజుకు ఇంటికి అరగంట మాట్లాడితే చాలు" అంది షమీమ్.

"ఎన్ని దినాలు?"

"గోడ ఉన్నన్ని దినాలు."

"నేను పోతే?"

షమీమ్ కిటికీ వైపు చూసి, "ఒక దారి ఉంది. ఇంటివాళ్ళు, మీరు ఒకే గుంతలో పూట పూర్తిగా కలిసి తొక్కి గోడకు కొత్త పూత వేస్తే, గోడ వాళ్ళ ఊపిరికి మారుతుంది. అప్పుడు మీతో పని లేదు" అంది.

ఊళ్ళో ఆ మాట చెప్పగానే గోల లేచింది. ఇంటివాళ్ళు తమ గోడకు తాము తొక్కడమా? కట్టు తప్పడమా? కావాలంటే మద్దిలేటి మాట్లాడతాడు గానీ తాము గుంతలో దిగేది లేదన్నారు. ఈరమ్మ వేళలు రాసిన కాగితం మద్దిలేటి చేతిలో పెట్టింది. మూడో తరగతి దాకా చదివిన మనిషి కాబట్టి ఆయన దాన్ని కూడబలుక్కుని చదివాడు. ఏడిళ్ళు, మూడున్నర గంటలు. ఉరిశిక్ష చదివినవాడిలా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నైరుతి గాలి అప్పటికే తిరిగింది, వాన పడితే మెత్తబడ్డ గోడలు నిలవవు.

మొదటి వారం ఆయన ఎక్కాలు చెప్పాడు. గోడ ముందు పీట వేసుకుని, ఒకటో ఎక్కం నుంచి అయిదో ఎక్కం దాకా. బడిలో అంతవరకే వచ్చింది. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. గోడలు గట్టిపడ్డాయి. ఇంట్లోవాళ్ళు మాత్రం మెత్తబడ్డారు. ఆ ఏడిళ్ళలో ఒకటైన నరసమ్మ ఇంట్లో, కోడలు పిండి కలుపుతూ "మూడేడ్లు ఇరవై ఒకటి" అని నీళ్ళు పోసి, పిండంతా పాయసం చేసింది. మూడేడ్లు ఇరవై ఒకటేనని అత్తతో వాదన కూడా వేసుకుంది.

"మామా, కాళ్ళు మొక్కుతా, ఇంగేమన్నా చెప్పు" అన్నాడు కిష్టప్ప.

ఇంకేం చెప్పాలి? మద్దిలేటికి కథలు రావు, పాటలు రావు. ఉన్నదల్లా అరవై ఏళ్ళుగా ఊరిని చూస్తూ నోరెత్తకుండా లోపల పోగేసుకున్నది. దానికి మూత తీశాడు.

"మీ నాయన ఇంత సోంబేరి కాదు కిష్టప్పా" అన్నాడు గోడ వైపు చూస్తూ. "పొద్దు పొడవకముందే మడక కట్టేటోడు. నువ్వు పొలానికని పోయి కానుగ చెట్టు కింద పండుకుంటావు. వచ్చేటప్పుడు కాళ్ళకు మన్ను పూసుకోని వస్తావు."

కిష్టప్ప భార్య చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. గోడ రాయి అయింది.

నరసమ్మ ఇంట్లో అరగంట పప్పు గురించి నడిచింది. "ఉప్పు తక్కువ. ముప్పై ఏండ్ల నించి తక్కువే. నీ మొగుడు నోరిడిసి చెప్పలేక దొంగతనంగా ఊరగాయ కలుపుకుంటాడు." నరసమ్మ తిరిగి చూసింది. మొగుడు ఊరగాయ వేళ్ళు ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

ఈరమ్మదీ ఆ ఏడిళ్ళలో ఒకటే, అక్కడ మాట సంఘం మీదికి మళ్ళింది. "మీటింగులో నువ్వొక్కదానివే మాట్లాడతావు. వాళ్ళు తలకాయలు ఊపేది ఒప్పుకోని కాదు. నిద్దరకు."

"బావా, అరగంటయింది" అంది ఈరమ్మ.

"ఇంకా పది నిమిషాలుంది" అన్నాడు మద్దిలేటి. గోడ గడియారం చూడటం కూడా ఆయనకు ఈ మధ్యే అలవాటైంది.

ఊళ్ళో ఎవరి గుట్టు ఏ పూట బయటపడుతుందో తెలియకుండా పోయింది. ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు, అదే పెద్ద చిక్కు. పదో రోజున ఈరమ్మే చీర ఎగదోపుకుని గుంతలో దిగింది.

"కట్టు పెట్టినోళ్ళు ఈయప్ప నోరు తెరవక ముందు పెట్టినారు. దిగండి అందరూ" అంది.

పూటకొక ఇల్లు చొప్పున తొక్కుడు సాగింది. ఈరమ్మ, మద్దిలేటి ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కారు. కిష్టప్ప జీవితంలో మొదటిసారి చెట్టు నీడ చూడకుండా పూటంతా పని చేశాడు. నరసమ్మ గుంతలో ప్రతి అడుగూ ఉప్పు తొక్కినట్టే తొక్కింది. వారంలో ఆరిళ్ళ గోడలు ఇంటివాళ్ళ ఊపిరికి మారిపోయాయి. షమీమ్ ముల్లు పెట్టి చూసి సరే అంది. ఊరు ఊపిరి పీల్చుకుంది.

మద్దిలేటి కూడా పీల్చుకుని ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నీళ్ళకు సైగ చేశాడు.

సుంకులమ్మ చెంబు ఇవ్వలేదు. "ఊరందరి గోడలతో మాట్లాడొస్తివి. నా కాడికి వస్తే మళ్ళా ఇదేనా? నేనూ మన్ను పూసుకోని నిలబడాల్నా ఏమి?"

మద్దిలేటి చేయి దించాడు. ఏదో అనబోయాడు. అలవాటు లేక ఆగిపోయాడు. తానే లేచి నీళ్ళు ముంచుకున్నాడు.

మిగిలింది ఏడో ఇల్లు, దస్తగిరిది. ఊరి చివర ఒంటరి ఇల్లు, ఒంటరి మనిషి. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. దస్తగిరి మొదలుపెడితే ఆపడు. అందుకే జనం ఆ దారి తప్పించి చేను గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతారు. అతను గుంతలో దిగనన్నాడు.

"మా తాత దిగలా. మా నాయన దిగలా. నేను దిగతానా? పైగా మోకాలు నొప్పి. నువ్వే వచ్చి మాట్లాడు మద్దిలేటీ, దినామూ రా. టీ పెడతా" అన్నాడు.

మోకాలు నొప్పి అని ఎవరూ నమ్మలేదు. ఆ ఇంటికి దినమూ వచ్చే మనిషి తొమ్మిదేళ్ళలో మద్దిలేటి ఒక్కడే. అయితే అక్కడొక పెద్ద చిక్కు వచ్చింది. మద్దిలేటి పీట వేసుకుని నోరు తెరిచేసరికి దస్తగిరి అందుకునేవాడు. ఎద్దుల గురించి, అల్లుడి గురించి, తన భార్య చేసే కొర్రన్నం గురించి, చిన్నప్పుడు బావిలో పడ్డ మేక గురించి. అరగంట అయ్యేది, మద్దిలేటి లేచిపోయేవాడు. వినడం ఆయనకు సుఖంగానే ఉండేది. గోడకు మాత్రం దస్తగిరి ఊపిరితో ఏ సంబంధమూ లేదు. షమీమ్ అక్కడ వదిలి వెళ్ళిన పెట్టెలో ముల్లు రోజుకొక గీత దిగుతూ వచ్చింది.

"దస్తగిరన్నా, ఆయనను కొంచెం మాట్లాడనియ్యండి" అని షమీమ్ ఫోను చేసి చెప్పింది.

"నేను అడ్డం పడతానా మేడమ్? ఆయనే గమ్మున కూర్చుంటాడు. మా మామ ఒకడుండె, వాడూ ఇంతే, వాని కథ చెప్తా ఇనండి..." షమీమ్ ఆ కథ పూర్తిగా వినాల్సి వచ్చింది.

వాన ఒక మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చింది. మొదటి చినుకులకే మద్దిలేటి తినే పళ్ళెం వదిలి లేచాడు. గోనెసంచి తలమీద కప్పుకుని ఊరి చివరికి పరుగెత్తాడు. ఆ పాదాలు పరుగెత్తడం ఊరు అంతకుముందు చూసి ఉండదు.

దస్తగిరి ఇంటి పడమటి గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బింది. ముల్లు అట్టడుగు గీత మీద పడి ఉంది. పైన దూలం కిర్రుమంటోంది. దస్తగిరి నట్టింట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బయటికి రా."

"యాడికి రావాల? ఇంతకుముందు ఇల్లు వంక తీసుకపాయె. ఆ పొద్దు బడి వరండాలో పడుకుంటే ఒక్కడూ పలకరించలా. ఇది పోతే నాకు మళ్ళా కట్టేదెవరు? ఈరమ్మ నా మాటే ఇనదు, ఆ కిష్టప్ప నన్ను చూస్తే..."

గోడలో నుంచి పిడికెడు మన్ను రాలి మంచం పక్కన పడింది. దస్తగిరి దాన్ని చూసి ఇంకా వేగంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. భయం వేస్తే అతనికి మాట ఎక్కువవుతుంది. మద్దిలేటి రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మేక బావిలో పడింది.

మూడోసారి మద్దిలేటి పెద్ద చేయి దస్తగిరి నోటి మీద పడింది.

"గమ్మునుండు. ఈ గోడ నాది. నేను మాట్లాడాల."

దస్తగిరి కళ్ళు మాత్రం తెరుచుకుని ఉండిపోయాయి. మద్దిలేటి ఒక చేయి అతని మూతి మీదే ఉంచి, రెండో చేయి గోడకు ఆనించి, ముఖం దగ్గరగా పెట్టాడు. అప్పుడు తెలిసింది, చెప్పడానికి ఏమీ మిగల్లేదని. ఊరి తప్పులన్నీ ఆరిళ్ళలో ఖర్చయిపోయాయి. ఎక్కాలు మొదలుపెట్టాడు. రెండో ఎక్కం సగంలో దూలం మళ్ళీ కిర్రుమంది. ఆ గోడకు గుక్క తిప్పుకోకుండా మాట కావాలి. లెక్క దగ్గర ఆగి ఆగి చెప్పే మాట చాలదు.

ఇక తన గురించి మాత్రమే ఉంది. అది ఎప్పుడూ ఎవరికీ చెప్పింది లేదు.

మూడో తరగతిలో బడి ఎందుకు మానాడో చెప్పాడు. ఎద్దు చచ్చిపోయిన ఏడాది కాడి తన భుజాన పెట్టుకుంటే వాళ్ళ నాయన వెనకనుంచి ఏడ్చిన సంగతి చెప్పాడు. ఏ ఊరి మన్ను కాలికి ఎలా తగులుతుందో, చవిటిమన్ను వేళ్ళ మధ్య ఎలా జారుతుందో, రేగడి ఎలా పట్టుకుని వదలదో చెప్పాడు. గోడ ఉబ్బు ఆగింది. ముల్లు ఒక గీత లేచింది. దస్తగిరి నోటి మీద చేయి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. దస్తగిరి నోరు తెరిచే ఉంది గానీ అందులోంచి ఏమీ రావడం లేదు.

గుమ్మంలో చప్పుడైంది. సుంకులమ్మ, నెత్తిమీద తడిసిన చేట. మొగుడు తిండి వదిలి పరుగెత్తాడని వెతుక్కుంటూ వచ్చింది. మద్దిలేటి గోడకు ముఖం పెట్టుకుని ఉన్నాడు, చూడలేదు.

"పెద్ద కందుకూరులో అడుసు తొక్కను పోయినా" అంటున్నాడు. "ఒక పిల్ల నీళ్ళు మోస్తాండె. గుంతలో పోసేది పోయి నా నెత్తిన పోసె. పోసి, నన్నే తిట్టె. నిలువునా కట్టె మాదిరి అడ్డం నిలబడితివి ఏందప్పా అని. అంత తిట్టు అంతకుముందు ఎవరూ నన్ను తిట్టలా. వింటాంటే హాయిగా ఉండె. ఇంగ నేను మాట్లాడే పని లేదు, ఇద్దరికి సరిపోయేంత ఈమే మాట్లాడతాది అనుకుంటి. మరుసటి దినం కావాలనే అడ్డం నిలబడితి."

సుంకులమ్మ చేట కింద పెట్టింది. గడప మీద కూర్చుంది. దస్తగిరి ఆమెకేదో చెప్పబోతే వేలు పెదవుల మీద పెట్టి చూపింది.

ముల్లు పై చివరి గీత దగ్గరికి వచ్చి నిలబడింది. గోడ ఉబ్బు అలాగే ఉబ్బుగా గట్టిపడి, ఇంటికి పొట్ట వచ్చినట్టు ఉండిపోయింది. దస్తగిరి మెల్లగా వేలితో పొడిచి చూశాడు. గోరు నొప్పి పెట్టింది. బయట చూరు నుంచి ఒక్కొక్క చుక్క పడుతోంది. పశువులను మళ్ళీ మేతకు తోలుకుపోతున్న గంటల చప్పుడు వినబడింది.

"మద్దిలేటీ" అన్నాడు దస్తగిరి, ఎప్పుడూ లేనంత మెల్లగా. "వాన నిలిచి చానా సేపయింది."

మద్దిలేటి గోడ మీద చేయి తీయలేదు.

"గమ్మునుండు" అన్నాడు. "ఇంగా పెండ్లి దాకా రాలా."